గిటారు పెడలుకు ఏ కరెంటు? - ఏకముఖ, ఏకాంతర ప్రవాహముల ఒక చిన్న చరిత్ర

విద్యుద్గిటారును వాయించువాని పాదములచెంత అయిదారు లోహపు పెట్టెలు వరుసగా పేర్చియుండుట నేడు సాధారణ దృశ్యము. ఒక్కొక్క పెట్టెపై ఒక మీట, రెండు మూడు తిరుగుడు బొత్తాములు ఉండును. వాదకుడు మీటను కాలితో నొక్కగనే గిటారు నాదము మారిపోవును. ఒక పెట్టె దానిని గరగరలాడించును. మరియొకటి లోయలోని ప్రతిధ్వనివలె మరల మరల వినిపించును. ఇంకొకటి అలలవలె ఊగించును. వీనిని ఎఫెక్ట్సు పెడళ్లు అందురు.

వీని వెనుకవైపున విద్యుత్తు నందుకొను రంధ్ర మొకటి గలదు. దానిప్రక్క 9 వోల్టులు అని వ్రాసియున్నంతమాత్రమున 9 వోల్టుల ఎడాప్టరు నెద్దానినైనను అందులో దూర్చరాదు. కొన్ని పెడళ్లకు ఏకముఖ ప్రవాహము కావలెను; కొన్నిటికి ఏకాంతర ప్రవాహము కావలెను. పొరపాటున ఒకదానికి బదులు మరియొకటి ఇచ్చినచో, ఇప్పుడు తయారుగాని పాత పెడలు ఒక్క క్షణములో పాడైపోవచ్చును. ఇంట గోడకు వచ్చు విద్యుత్తు ఒక్కటే, పెడలు చేయు పనియు ఇంచుమించు ఒక్కటే. అట్టిచో ఈ రెండు పద్ధతులేల పుట్టినవి? భౌతికశాస్త్రము మాత్రమే చదివినవారికి దీని సమాధానము సగమే దొరకును. తక్కిన సగము చరిత్రలో నున్నది.

విద్యుద్గిటారు మూలసూత్రము ఉన్నతపాఠశాల విద్యార్థు లెరిగినదే. 1831లో ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే అది. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టును వేలకొలది చుట్లుగల సన్నని రాగితీగ ఉండును. ఉక్కు తీగ కంపించినపుడు చుట్టలోని అయస్కాంత అభివాహము మారి, చుట్ట కొనలయందు వోల్టేజి పుట్టును. ఈ వోల్టేజి చాల స్వల్పము. వోల్టులో పదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు తక్కువ. దానిని వర్ధకముతో పెంచి స్పీకరుకు పంపుదురు. ఇంత చిన్న సంకేతమును మార్చుటకు పూనుకొనిన యే యంత్రమునకైనను మొదటి శత్రువు దానిని నడుపు విద్యుత్తులోని రొదయే. ఈ మాటను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. తరువాతి కథయంతయు దానిచుట్టునే తిరుగును.

మొదటి పెట్టెలకు ఈ సమస్య అంతగా తెలియదు. 1940 దశకములో అమెరికాలో డీఆర్మండ్ సంస్థ అమ్మిన ట్రెమోలో పెట్టెలో ఒక చిన్న మోటారు, అది కుదుపు ఒక చిన్న పాత్ర, అందులో విద్యుద్వాహక ద్రవము ఉండెడివి. ద్రవ మటునిటు ఊగినకొలది సంకేతములో కొంత భాగము ఎర్తుకు పోవుచు మరల నిలుచుచు, నాదము హెచ్చుతగ్గులగుచుండెడిది. మోటారు గోడ కరెంటుతో నేరుగా తిరిగెడిది. సంకేతమును పెంచు పరికర మేదియు అందులో లేదు. కావున ఏకముఖమా, ఏకాంతరమా అను ప్రశ్నయే పుట్టలేదు.

ప్రశ్న పుట్టినది ట్రాన్సిస్టరుతో. 1961లో విడుదలైన మార్టీ రాబిన్సు పాట యొకదానిని నాష్విల్ నగరములో రికార్డు చేయునపుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన మంద్రగిటారు నాదము మిక్సింగు యంత్రములోని లోపమువలన గరగరమని చీలిపోయి వచ్చినది. మరియొక డైతే దానిని తుడిచివేసి తిరిగి వాయింపించెడివాడు. వారు దానిని పాటలో అట్లే ఉంచిరి. వినినవారు ఆ నాదము తమకును కావలెననిరి. రికార్డింగు ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్సు అను మరియొక ఇంజనీరుతో కలిసి, అదే ధ్వనిని కావలెనని పుట్టించు వలయమును కల్పించెను. గిబ్సన్ సంస్థ 1962లో దానిని మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విక్రయించినది. అందులో మూడు జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వానిని నడుపుటకు 1.5 వోల్టుల ఘటములు రెండు. వెరసి 3 వోల్టులు! టార్చిలైటులో పట్టు విద్యుత్తు. మొదట దీనికి గిరాకి లేకపోయినది. 1965లో రోలింగ్ స్టోన్సు బృందమువారి 'సాటిస్ఫాక్షన్' పాటలో కీత్ రిచర్డ్సు దీనిని వాడిన పిదప దుకాణములలో దొరకుటయే కష్టమైనది.

రేడియో వాల్వులతో ఇట్టి పెట్టె చేయదలచినచో వాల్వుల ఫిలమెంట్లు వేడెక్కుటకు 6.3 వోల్టులు, ప్లేటులకు వందకు పైబడిన వోల్టులు కావలెను. అనగా గోడ కరెంటు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు తప్పవు. ట్రాన్సిస్టరుకు అవి యక్కరలేదు. అదియే పెడలును కాలిక్రిందికి తెచ్చినది. గిటారు పెడలు ఏకముఖ ప్రవాహముతో పుట్టినదనుటకంటె, ఘటముతో పుట్టినదనుట యథార్థము. రసాయనిక ఘటము ఇచ్చునది ఏకముఖ ప్రవాహమే గదా.

మరి 3 వోల్టులు 9 వోల్టు లెట్లైనవి? ఇందులో సంగీత మేమియు లేదు. 1954లో వచ్చిన మొదటి ట్రాన్సిస్టరు రేడియో, రీజెన్సీ అనునది, 22.5 వోల్టుల బాటరీతో నడిచెడిది. కొలది కాలమునకే రేడియోల కొరకు ఆరు చిన్న ఘటములను ఒక రేకుపెట్టెలో ఇమిడ్చి, పైన రెండు బొత్తాముల వంటి ధ్రువములు గల 9 వోల్టుల బాటరీ బజారులోనికి వచ్చెను. 1960 దశకమున అది ప్రతి యూరిలోను దొరకెడి వస్తువు. పెడలు తయారుచేయువారు చేతికందిన దానిని తీసికొనిరి. 1966లో లండనులో అర్బిటర్ సంస్థ చేసిన ఫజ్‌ఫేస్, 1969లో న్యూయార్కులో ఎలక్ట్రోహార్మోనిక్స్ సంస్థ చేసిన బిగ్‌మఫ్, ఇవన్నియు 9 వోల్టులవే. రేడియో కొరకు పుట్టిన సంఖ్య గిటారుకు శాసనమైనది. చరిత్రలో ప్రమాణములు తరచుగా ఇట్లే యేర్పడుచుండును.

ఫజ్‌ఫేస్ వద్ద ఒక్క క్షణ మాగవలెను. అందులోని తొలి జర్మేనియం ట్రాన్సిస్టర్లు పి-ఎన్-పి జాతివి. కావున బాటరీ ధనధ్రువము పెట్టెకు, అనగా ఎర్తుకు, కలుపబడి యుండెను. తరువాత వచ్చిన సిలికాన్ పెడళ్లలో అధిక భాగమునకు ఋణధ్రువము ఎర్తు. ఒక్కొక్కదానికి తన బాటరీ తన కున్నంతకాలము ఈ భేదము ఎవ్వరికిని పట్టలేదు. కాని రెంటికిని ఒకే ఎడాప్టరునుండి విద్యుత్తు పంచినచో ఏమగునో విద్యార్థులు పటము గీచి చూడవచ్చును. రెండు పెట్టెల ఎర్తులను గిటారు తీగపై నుండు లోహకవచము కలిపివేయును. ఒకదానిలో ఎర్తు ధనధ్రువము, మరియొకదానిలో ఎర్తు ఋణధ్రువము. ఎడాప్టరు రెండు కొనలు నేరుగా ఒకదానినొకటి తాకినట్లే! పెడళ్లు రెండును మంచివే, ఎడాప్టరు మంచిదే. కలయిక మాత్రము హ్రస్వవలయము.

బాటరీని గూర్చి వాదకులలో ఒక నమ్మకము గలదు. పాత జింకు-కార్బన్ బాటరీతో ఫజ్ పెడలు మధురముగా పలుకుననియు, ఎడాప్టరుతో ఆ మాధుర్యము రాదనియు చెప్పుదురు. ఎరిక్ జాన్సన్ అను ప్రసిద్ధ వాదకుడు బాటరీ తయారీని బట్టి కూడ నాదము మారునని చెప్పిన సంగతి గిటారు లోకమున ప్రసిద్ధము. దీనికి కారణముగా సాధారణముగా బాటరీ అంతర్నిరోధమును చూపుదురు. లెక్కవేసి చూతము. ఫజ్ పెడలు లాగుకొను ప్రవాహము సుమారు ఒక మిల్లీ ఆంపియరు. బాటరీ అంతర్నిరోధము 50 ఓములనుకొన్నను, దానివలన పోవు వోల్టేజి 0.001 × 50 = 0.05 వోల్టు మాత్రమే. 9 వోల్టులలో ఇది లెక్కకు రానిది. కావున అంతర్నిరోధ మొక్కటే కారణ మనుట నాకు నమ్మదగినదిగ తోచదు. వాడిన బాటరీ ధ్రువముల మధ్య 9 వోల్టులకు బదులు 7 వోల్టులే మిగిలియుండుట మాత్రము అల్ప విషయము కాదు. రెండు ట్రాన్సిస్టర్ల వలయములో ఆ రెండు వోల్టుల తగ్గుదల సంకేతశిఖరములు కోసుకొనిపోవు స్థానమునే మార్చివేయును. ఎడాప్టరుతో నడుపునపుడును ఒక చిన్న నిరోధముతో వోల్టేజి తగ్గించి ఈ సంగతిని పరీక్షింపవచ్చును. అట్లు తగ్గించుటకు బొత్తాము గల విద్యుత్‌పెట్టెలు కూడ నేడు అమ్మకమున గలవు. బాటరీకి నిజముగా ఉన్న సుగుణము వేరొకటి: దానిలో రొద లేదు, గోడతో సంబంధము లేదు.

ఐతే బాటరీ ఎంత మోయగలదు? ఇది యాపిల్లనైనను అడిగి తెలిసికొనదగిన లెక్క. 9 వోల్టుల ఆల్కలైన్ బాటరీ సామర్థ్యము సుమారు 500 మిల్లీ ఆంపియరు గంటలు. ఒక మిల్లీ ఆంపియరు త్రాగు ఫజ్ పెడలు దానితో నెలల తరబడి పలుకును. 60 మిల్లీ ఆంపియరులు త్రాగు ప్రతిధ్వని పెడలు ఎనిమిది గంటలకే మూగపోవును. ఒక ఆంపియరు అడుగు యంత్రమునకు ఆ బాటరీ అరగంటయైనను చాలదు. ఆ వేగమున దాని సామర్థ్యము కూడ కుంచించుకొనిపోవును.

ఎక్కువ విద్యుత్తు కావలసిన యంత్రములు మొదటినుండియు ఉన్నవి. 1960 దశకాంతమున జపానులో ఫుమియో మియెడా రూపొందించిన యూనివైబ్ అట్టిది. దాని గర్భమున ఒక చిన్న బల్బు వెలుగుచు తగ్గుచు నుండును. చుట్టును నాలుగు కాంతినిరోధములు ఆ వెలుగుకు లోబడి సంకేతపు దశను మార్చుచుండును. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవమున జిమీ హెండ్రిక్సు దీనినే వాడెను. ఈ బల్బు చిన్న బాటరీతో వెలుగునది కాదు. కావున యూనివైబ్‌నకు గోడకు తగిలించు తీగయు, లోపల ట్రాన్స్‌ఫార్మరును అమర్చిరి. 1976లో రోలాండ్ సంస్థవారి బాస్ శాఖ మొట్టమొదట చేసిన కోరస్ పెట్టె సి.ఇ.-1 కూడ ఇట్లే గోడ కరెంటుతో నడుచునది.

ఈ పద్ధతిలో రెండు చిక్కులు గలవు. సున్నితమైన సంకేతమునకు అంగుళముల దూరములో ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రము నాట్యమాడుచుండును. రెండవది వాణిజ్యమునకు సంబంధించినది: జపానులో 100 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు, మన దేశమున 230 వోల్టులు. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరుతో పెడలును వేరుగ చేయవలెను; కాలిక్రింద త్రొక్కు వస్తువులో ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉన్నందున భద్రతా పరీక్షలు కూడ కఠినముగ నుండును. ట్రాన్స్‌ఫార్మరును పెడలునుండి బయటకు తీసి గోడ ప్లగ్గులోనే ఇమిడ్చినచో రెండు చిక్కులును ఒక్కసారిగా తీరును. దేశమును బట్టి మార్చవలసినది ఎడాప్టరు మాత్రమే.

1977లో బాస్ సంస్థ చిన్న పెడళ్లను వెలువరించినది. అవి బాటరీతోను నడుచును, ఎడాప్టరుతోను నడుచును. ఇక్కడ ఒక చమత్కారమును ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగును. ఎడాప్టరు ప్లగ్గు గొట్టమువలె నుండును. లోపలి గొట్టము ఒక ధ్రువము, వెలుపలి గొట్టము మరియొకటి. సాధారణముగా లోపలిది ధనధ్రువ మగునని మన మూహింతుము. గిటారు పెడళ్లలో అది ఋణధ్రువము! కారణ మేమనగా, ఆ రంధ్రములోని స్విచ్చు వెలుపలి గొట్టమును తాకు రేకుతో పనిచేయును. ఎడాప్టరును దూర్చగనే ఆ స్విచ్చు బాటరీ ధనతీగను విడదీయవలెను. కావున వెలుపలిది ధనధ్రువ మగుట తప్పనిసరి. బాటరీ ఋణతీగ కథ వేరు. గిటారు తీగ దూర్చు రంధ్రములో రెండు రేకులుండును. గిటారు ప్లగ్గు ఆ రెంటిని కలిపినపుడే ఋణతీగ ఎర్తును చేరును. అందుచేతనే గిటారు తీగను పెడలులో వదలివేసిన విద్యార్థి మరునాటికి బాటరీ చచ్చియుండుట చూచును. వేరుగ విద్యుత్ స్విచ్చు పెట్టకుండ రెండు పనులను రెండు రంధ్రములచే చేయించిన ఆ పొదుపు నాకు మిక్కిలి నచ్చినది. ఆ పొదుపువలననే మన ఇండ్లలోని అనేక ఎడాప్టర్లు, లోపల ధనధ్రువము గలవి, ఈ పెడళ్లకు పనికిరాకుండ పోయినవి.

తొలి ఎడాప్టర్లు స్థిరీకరణ లేనివి. మన ప్రయోగశాలలలోని పాతకాలపు బాటరీ ఎలిమినేటరు వంటివే. తక్కువ కరెంటు లాగినపుడు వాని వోల్టేజి 12కు పైబడును. అందుకని ఆనాటి బాస్ పెడళ్లలో దానిని తగ్గించుటకు ఒక నిరోధమును, ఒక డయోడును పెట్టిరి. తరువాత సరిగా 9 వోల్టులిచ్చు స్థిరీకృత ఎడాప్టర్లు వచ్చినవి. వానిని పాత పెడలుకు తగిలించిన, నిరోధము ఉన్న 9లోనే కొంత మ్రింగివేయును. దీపము మినుకు మినుకుమనును. పెడలు చెడినదని తలచి అమ్మివేసికొనినవారు కూడ ఉందురు.

ఇక ఏకాంతర ప్రవాహపు వంతు. 1980 దశకమున డిజిటల్ యంత్రములు పుట్టినవి. అందలి గణనవలయములకు 5 వోల్టులు, అదియు హెచ్చు ప్రవాహముతో, కావలెను. సంకేతమును పెంచు ఆపరేషనల్ వర్ధకములకు సున్నకు పైన కొంత, సున్నకు క్రింద కొంత, రెండు వోల్టేజిలున్నచో బాగుగ నుండును. ఒక్క 9 వోల్టుల ఏకముఖ మూలమునుండి ఋణవోల్టేజి రాదు. చిన్న పెడళ్లలో రెండు సమాన నిరోధములతో 4.5 వోల్టుల వద్ద ఒక కృత్రిమ సున్నను కల్పించి సరిపెట్టుకొందురు. కాని 9 వోల్టుల ఏకాంతర ప్రవాహమునే పెడలులోనికి పంపినచో పని ఎంత సులభమో చూడుడు. 9 వోల్టు లనగా వర్గమధ్యమూల విలువ. శిఖరవోల్టేజి 9 × 1.414, అనగా సుమారు 12.7. చుట్ట ఒక కొనను ఎర్తుచేసి, రెండవ కొనకు ఎదురెదురుగా రెండు డయోడులు, రెండు కండెన్సర్లు కలిపినచో ఒకటి ధన అర్ధతరంగమున నిండి +12 వోల్టులు, రెండవది ఋణ అర్ధతరంగమున నిండి -12 వోల్టులు ఇచ్చును. ఇంకొక జత డయోడులతో వోల్టేజిని రెట్టింపు చేయవచ్చును. గోడనుండు ఎడాప్టరులో ట్రాన్స్‌ఫార్మరు తప్ప మరేమియు అక్కరలేదు, చవుక, చెడదు. 1989లో వచ్చిన డిజిటెక్ వామీ, 1999లో వచ్చిన లైన్ సిక్స్ డి.ఎల్.-4 ఈ పద్ధతిలోనివి. డి.ఎల్.-4 ఎడాప్టరు ఒక ఆంపియరుకు మించి ఇచ్చును. దానిని చూచి ఏకాంతర పద్ధతి మొరటుదని వెక్కిరించువారితో నేను ఏకీభవింపజాలను. ఆనాటి విడిభాగముల ధరలలో అది తెలివైన ఎంపిక.

దాని వెల మాత్రము వాదకుడు చెల్లింపవలసివచ్చెను. తన పెడళ్లలో అయిదు ఏకముఖము, ఒకటి ఏకాంతరము. రంధ్రములు మాత్రము చూచుటకు ఒక్కటే. ఏకముఖపు పెడలుకు ఏకాంతర ప్రవాహము తగిలినచో సెకనుకు 100 మారులు ధ్రువములు తారుమారగును. ఎలక్ట్రొలైటిక్ కండెన్సరులోని ఆక్సైడు పొర వ్యతిరేక వోల్టేజికి ఓర్వలేదు. లోపల వాయువు పుట్టి అది ఉబ్బును, పగులును. రక్షణకై అడ్డముగ పెట్టిన డయోడు ఉన్నయెడల ప్రతి అర్ధతరంగమునను అదియే హ్రస్వవలయమై కాలిపోవును. వరుసలో పెట్టిన డయోడు ఉన్నచో పెడలు బ్రతుకవచ్చును గాని భయంకరమైన రొద చేయును. దీనికి ఎదురుగ, ఏకాంతరపు పెడలుకు ఏకముఖ ప్రవాహ మిచ్చినచో సాధారణముగ ప్రాణహాని తక్కువ. పైన చెప్పిన అమరికలో రెండింట ఒక్క వోల్టేజియే పుట్టును, రెండవది పుట్టదు, పెడలు పలుకదు. లోపల నాలుగు డయోడుల వంతెన యున్నచో 9 వోల్టులలో 1.4 వోల్టులు పోగా 7.6 మిగులును, రావలసిన 11కు అది చాల తక్కువ గనుక కొన్ని నడచును, కొన్ని తడబడును.

రొద సంగతి చెప్పక తీరదు. మన దేశమున మెయిన్సు పౌనఃపున్యము 50. పూర్ణతరంగ ఏకధిక్కరణము తరువాత మిగులు అల 100. గిటారులో మందరపు తీగ సెకనుకు సుమారు 82 కంపనములు చేయును. ఆ తీగపై మూడవ మెట్టున వేలు పెట్టిన 98. అనగా ఎడాప్టరు రొద గిటారు స్వరములకు వెలుపల లేదు; వాని నడుమనే, ఒక స్వరమునకు కొంచెము అపశ్రుతిగా, కూర్చుండును. దానిని వడపోసి తీసివేయబోయిన సంగీతమును కూడ తీసివేయవలసివచ్చును. ఫజ్ పెడలు సంకేతమును వందల రెట్లు పెంచును గనుక ఒక మిల్లీవోల్టు అలయైనను స్పష్టముగ వినబడును. ఏకాంతర ప్రవాహపు తీగను గిటారు తీగ ప్రక్కనే పరచినచో ఫారడే సూత్రము మరల పనిచేయును. ఈసారి మనకు వ్యతిరేకముగ. పెడళ్ల ఎర్తులు రెండు దారుల కలిసి యేర్పడు వలయము పెద్దదైనకొలది అందు ప్రేరితమగు రొదయు పెరుగును. అందుచేత ఒక ట్రాన్స్‌ఫార్మరుకు అనేక ద్వితీయచుట్టలు చుట్టి, ఒక్కొక్క పెడలుకు ఒక్కొక్క వేరు చుట్టనుండి విద్యుత్తు నిచ్చు పెట్టెలు వచ్చినవి. అది బాటరీ సుగుణమును రాగితో తిరిగి సంపాదించుటయే. ధనధ్రువము ఎర్తైన పాత ఫజ్‌ఫేస్ కూడ అట్టి పెట్టెనుండి నిరపాయముగ నడుచును.

ఏకాంతర పద్ధతిని వెనుకకు నెట్టినది మరియొక చిన్న వస్తువు. కండెన్సరును వేగముగ నింపుచు, దాని కొనలను తిరగవేసి ఖాళీచేయుచు, +9నుండి -9 వోల్టులను పుట్టించు సమాకలిత వలయములు చవుకగ దొరకసాగినవి. 1994లో వచ్చిన క్లాన్ సెంటార్ అను పెడలు ఇట్టి చిప్పుతో ఒక్క 9 వోల్టులనుండి -9ని, +18ని కూడ తయారుచేసికొనును. గోడవద్ద నుండవలసిన పని పెడలు కడుపులోనికి వచ్చినది. డిజిటల్ చిప్పులు కూడ తక్కువ వోల్టేజితో నడుచుట నేర్చినవి. 100నుండి 240 వోల్టులవరకు ఏ దేశపు గోడకైనను సరిపడు తేలికైన స్విచింగు ఎడాప్టర్లు వచ్చినవి. 2012లో అయిదవ తరపు వామీ ఏకముఖ ప్రవాహమునకు మారినది. 2022లో డి.ఎల్.-4 రెండవ రూపమును మారినది.

కాని పాతవి ఇంకను వేలకొలది చేతులలో ఉన్నవి, పలుకుచున్నవి. వాని ఎడాప్టరు పోయినవారు ముందుగ రంధ్రము ప్రక్కనున్న గుర్తును చూడవలెను. అల గుర్తున్నచో ఏకాంతరము. గీత, దానిక్రింద విరుగుగీతలు ఉన్నచో ఏకముఖము. అపుడు లోపలి గొట్టము ఏ ధ్రువమో తెలుపు బొమ్మను కూడ చదువవలెను. గుర్తు చెరిగిపోయినచో మూత విప్పి, రంధ్రమునుండి వచ్చు రెండు తీగలును మొట్టమొదట దేనిని చేరుచున్నవో పరిశీలింపవలెను. ఒక తీగ ఎర్తుకు పోయి, రెండవది ఎదురెదురుగా నున్న రెండు డయోడులకు గాని, లేక రెండు తీగలును డయోడుల వంతెనకు గాని పోవుచుండిన, అది బహుశః ఏకాంతర ప్రవాహమును కోరు యంత్రము.